రంగము, రంగూను, యాంగోను

మా యింటికి నాలుగిండ్ల యవతల తొంబదియేండ్లకుఁ జేరువయైన వృద్ధురాలొకతె కలదు. వీథిలోని పిల్లలందఱును ఆమెను ‘రంగం మామ్మ’ యని పిలుతురు. అది యామె పేరు గాదు. ఆమె రంగములోఁ బుట్టినది. 1942వ సంవత్సరమున, ఆఱేండ్ల ప్రాయమున, తల్లి కొంగు పట్టుకొని పొగయోడపైఁ గలకత్తా చేరి, అచటినుండి రైలులో తెలుఁగుదేశమునకు వచ్చినది. తండ్రి యచటి బియ్యపుమిల్లులోఁ బనివాఁడు. ‘మీరు ముందు పొండి, నేను వెనుక వచ్చెదను’ అని రేవులోఁ జెప్పినవాఁడు మరల రాలేదు. ఆయన మొగమిప్పు డామెకు సరిగా జ్ఞప్తి లేదు. ఊరిపేరు మాత్రము జ్ఞప్తి యున్నది.

మొన్నటి వేసవి సెలవులలో ఆమె మునిమనుమఁడు ప్రపంచపటమును నేలపైఁ బఱచి ఊళ్లపేర్లు చదువుచుండెను. ‘మామ్మా, నీ రంగం ఎక్కడుందో చెప్పు, చూస్తాను’ అని వాఁడడుగఁగా, చూపు మందగించిన యామె ‘సముద్రానికి అవతల, బర్మాలో చూడు నాయనా’ అనెను. వాఁడు వెదకి వెదకి, ‘ఇందులో బర్మాయే లేదు, రంగమూ లేదు. మయన్మార్ అనీ, యాంగాన్ అనీ ఉన్నాయి. నువ్వు చెప్పేవన్నీ కట్టుకథలే’ అని నవ్వెను. పిల్లవాని మాటకుఁ బెద్దలు నొచ్చుకొనరాదు. కాని యామె నొచ్చుకొన్నది. ఆ సాయంకాలము మా గుమ్మములోఁ గూర్చుండి, ‘నేను పుట్టిన ఊరే లేదంటే, మా అయ్య ఎక్కడ పోయినట్టు తల్లీ? పంతులుగారిని అడిగి చెప్పు’ అనెను.

మా యింటివారును మేమును దొరకిన పుస్తకములు తిరుగవేసి తెలిసికొన్న సంగతులను ఇచట వ్రాయుచున్నాము. విదేశనగరముల పేర్లను ఎట్లు పలుకవలెనను సందేహము మనలోఁ బెక్కుమందికిఁ గలుగుచుండును. ఈ యొక్క పేరి చరిత్రము చదివినచో ఆ సందేహము చాలవఱకుఁ దీఱునని మాకుఁ దోఁచినది.

ఈ నగరము యాంగోన్ నదియొడ్డున, సముద్రమునకు సుమారు 20 మైళ్ల యెగువను ఉన్నది. మొట్టమొదట దాని పేరు రంగూనును గాదు, యాంగోనును గాదు; దగోన్. మోనులను ప్రాచీనజాతివారి ఊరది. ఊరు చిన్నదే యైనను, అచటి మిట్టమీఁది బంగారుస్తూపమును దర్శించుటకై నలుదెసలనుండి యాత్రికులు వచ్చుచుండెడివారు. బర్మాభాషలో ‘శ్వే’ యనఁగా బంగారము. ‘శ్వేదగోన్’ అనఁగా బంగారు దగోన్. సుమారు 325 అడుగుల యెత్తుగల యా స్తూపము నేఁటికిని ఆ నగరమునకుఁ దలమానికముగా నున్నది. తపుస్సుఁడు, భల్లికుఁడు అను వర్తకసోదరులిరువురు బుద్ధభగవానునకు జ్ఞానోదయమైన పిమ్మట మొదటి భిక్ష నొసఁగి, ఆయనవలన ఎనిమిది కేశములను బడసి, వానిని తెచ్చి యా మిట్టపై నిక్షేపించిరని బర్మావారి కథ. ఈ వర్తకులు ‘ఉక్కల’ దేశమునుండి వచ్చిరని పాలిగ్రంథములలో నున్నది. ఉక్కలమనఁగా మన పొరుగున నున్న ఉత్కలమే యని పలువురి యభిప్రాయము. బర్మావారు మాత్రము అది తమ దేశములోనిదే యందురు. ఏది యెట్లున్నను, పాతపేరు పూర్తిగాఁ బోలేదు. స్తూపమును బట్టుకొని నిలిచినది.

పదునెనిమిదవ శతాబ్ది నడుమ ఉత్తరమునందలి బర్మావారికిని, దక్షిణమునందలి మోనులకును ఘోరమైన యుద్ధము జరిగినది. ఒక గ్రామమునకుఁ బెద్దగా నుండి, సేనలఁ గూర్చుకొని రాజైన అలౌంగ్‌ఫయా యనువాఁడు 1755వ సంవత్సరమున దగోనును జయించి, దానికిఁ గ్రొత్తపేరు పెట్టెను. ఆ పేరు రెండు మాటల కలయిక. మొదటిమాటకు పగ, వైరము, శత్రువు అని యర్థము. రెండవమాటకు తీఱిపోవుట, మిగులకుండుట అని యర్థము. కాఁగా ‘పగ తీఱిన యూరు’ అని యా పేరునకుఁ దాత్పర్యము. మన పురాణములలోని అయోధ్య యను పేరును దలఁచుకొండి. ఎవ్వరును యుద్ధము చేసి గెలువలేనిది అయోధ్య. యుద్ధమునకుఁ గారణమే మిగులనిది ఈ యూరు. అలౌంగ్‌ఫయా ఈ పేరు పెట్టునప్పటికి యుద్ధము పూర్తిగా ముగియలేదు. మోనుల రాజధానియైన పెగూ పడిపోవుటకు ఇంకను రెండేండ్లు పట్టినది. కాఁబట్టి యది జరిగినదానిని జెప్పు పేరు గాదు, జరుగవలెనని కోరిన పేరు. మనము పుట్టినబిడ్డకు ‘చిరంజీవి’ యని పేరు పెట్టినట్టిదే.

ఇఁక పలుకుట. ఇచటనే మనకు రుచించు విశేషమున్నది. బర్మాలిపి మన తెలుఁగులిపివలెనే దక్షిణదేశపు బ్రాహ్మీనుండి పుట్టినది. అక్షరములు గుండ్రముగాను మన కంటికిఁ బరిచితముగాను ఉండును. ఆ లిపిలో ఈ పేరును వ్రాసినప్పుడు వరుసగా వచ్చు అక్షరములు ర, పొల్లు న, కు, పొల్లు న. అనఁగా ‘రన్‌కున్’ అని వ్రాయుదురు. ‘యాంగోన్’ అని చదువుదురు. వ్రాఁతకును బలుకునకును ఇంత దూరమెట్లు వచ్చినది?

మొదట రకారము సంగతి. పూర్వకాలమున బర్మావారును రకారమును మనవలెనే పలికెడివారు. కాలక్రమమున నడిబర్మావారి నోట నది యకారమైనది. అక్షరము మాత్రము వ్రాఁతలో నిలిచినది. నేఁడు బర్మాలిపిలో పాత రకారమొకటి, యకారమొకటి వేఱువేఱుగా నున్నను, రెండింటిని ‘య’ యనియే పలుకుదురు. ఇందు మనము నవ్వవలసినది లేదు. మనకు మాత్రము రేఫము, శకటరేఫము అని రెండు లేవా? ‘ఏరు’ వేఱు, ‘ఏఱు’ వేఱు అని చిన్ననాఁడు మా తండ్రిగారు ఎన్నిసార్లు దిద్దించిరో! వ్రాఁతలో నేర్చితిమి కాని, నోట రెండును ఒక్కటియే యైనవి.

ఈ మార్పు ఊరిపేరునందే గాదు, సంస్కృత పాలి పదములయందును జరిగినది. ‘రాజ’ శబ్దమును వారు ‘యాజా’ యందురు. అలౌంగ్‌ఫయా కుమారుని కాలమున, 1767లో, బర్మావారు సయాము రాజధానియైన అయుథ్థయను జయించిరి. ఆ నగరమునకు మన అయోధ్యపేరే పెట్టఁబడినది. అచటినుండి తెచ్చిన నటులతోను గాయకులతోను రామకథానాటకము బర్మారాజసభకుఁ జేరినదని చెప్పుదురు. ఆ నాటకమునకు వారి భాషలో ‘యామ జాత్‌డో’ యని పేరు. రాముఁడు ‘యామ’ యైనాఁడు; సీత ‘థీదా’ యైనది. మేము మొదట ఈ సంగతి చదివినప్పుడు శివశివా యనుకొంటిమి. రాముఁడెక్కడ, యముఁడెక్కడ! కాని ఆ దేశపు తల్లి తన బిడ్డకు యామ కథ చెప్పునప్పుడు ఆమె మనస్సులో నున్నవాఁడు దశరథపుత్రుఁడే గదా.

రెండవది కకారము. వ్రాఁతలో ‘కున్’ అని యున్నను పలుకునప్పుడు కకారము గకారమగును. ఇది మనకుఁ గ్రొత్త గాదు. ద్రుతమునకుఁ బరమైన పరుషములు సరళములగునని మన వ్యాకరణము చెప్పును. కూసెను, కోకిల అను రెండును గలిసినప్పుడు ‘కూసెఁ గోకిల’ యగుచున్నది. బర్మాభాషలోను నకారపు పొల్లు ముందున్నప్పుడు కకారము మెత్తఁబడినది. రెండు భాషలకును చుట్టరికము లేదు. మనుష్యుని నాలుకకు సులభమైన త్రోవ యేదియో దానిని రెండును పట్టినవి, అంతియే.

మూఁడవది కడపటి నకారము. దానిని వారు మనము ‘వాన్’ అన్నట్లుగా నాలుకతో నొక్కి పలుకరు. అచ్చును ముక్కుతోఁ బలికి విడుతురు. మన వ్యాకరణములు అర్ధానుస్వారమని చెప్పు అరసున్నవంటిది. మనలో నది నేఁడు వ్రాఁతకే మిగిలినది, వారిలో నోటనున్నది. కాఁబట్టి ఆ పేరును సాధ్యమైనంత సరిగా వ్రాయవలెనన్నచో ‘యాఁగోఁ’ అని వ్రాయవలెను. ఓకారము చివర కొంచెము ఉకారచ్ఛాయ తగులును. రెండక్షరములును ఎత్తక దించక, తగ్గుస్వరమున మెల్లగాఁ బలుకవలెను. బడిపిల్లలు ఇంగ్లీషు అక్షరములను జూచి ‘యాంగాన్’ అని చదువుట సరి గాదు. తెలుఁగులో నిత్యవ్యవహారమునకు ‘యాంగోన్’ అనుట చాలును.

అట్లయిన ‘రంగూన్’ అను పేరు ఎక్కడిది? బంగాళముతో వర్తకము సాగించిన ఇంగ్లీషువారు ఈ పేరును రకారముతోనే విని వ్రాసికొనిరి. బర్మాకుఁ బడమట, చిట్టగాంగునకు ఆనుకొని అరకాన్ అను సీమ కలదు. అచటివారు బర్మాభాషకు జ్ఞాతియైన భాష మాటలాడుదురు. కాని పాత రకారమును విడువలేదు. తమ్ము తాము ‘రఖైన్’ అని చెప్పుకొందురు. నడిబర్మావారు వారినే ‘యఖైన్’ అందురు. అరకానువారి నోటినుండియే ఇంగ్లీషువారికి ‘రంగూన్’ అను పలుకు దొరకియుండునని పలువురి తలంపు. వ్రాఁతలో నున్న రకారమును ఉకారమును ఈ పలుకునందుఁ గానవచ్చుచున్నవి గదా. కావున రంగూన్ అనుట ఊరకే దొరలు చెఱిపిన పేరు గాదు. యాంగోన్ అనునది నగరవాసుల నేఁటి పలుకు. రంగూన్ అనునది పాతవ్రాఁతకు దగ్గఱయైన పలుకు.

పేరు పెట్టినవాఁడు కోరిన శాంతి మాత్రము ఆ యూరికిఁ దక్కలేదు. పేరు పెట్టిన 69 ఏండ్లకే, 1824లో, ఇంగ్లీషువారు దానిని బట్టుకొనిరి. 1826లో సంధి జరిగి విడిచిపెట్టిరి. 1852లో మరల పట్టుకొని, తిన్నని వీథులతో క్రొత్తనగరమును గట్టిరి. ఢిల్లీ కడపటి పాదుషాయైన బహదూర్‌షా 1858లో అచటికే పంపఁబడి, 1862లో అచటనే కన్నుమూసెను. 1886 మొదలు 1937 వఱకు బర్మా హిందూదేశపు ప్రభుత్వములోని భాగముగా నుండెను.

ఈ కాలముననే మన తీరమునుండి జనము రంగూనునకుఁ బోయిరి. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులలో పొగయోడ లెక్కి, బియ్యపుమిల్లులలోను, ఓడరేవులోను పనికిఁ గుదిరిరి. గోదావరి పాయనొద్ద నున్న కోరంగి రేవుపేరుతో వీరిని అచటి దొరలు ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. 1931వ సంవత్సరపు జనసంఖ్యలో ఆ నగరవాసులలో సగమునకు మించి హిందూదేశమువారే. పోయినవారిలోఁ బెక్కుమంది పురుషులు. ఇంట మిగిలినది స్త్రీలు. మనియార్డరు వచ్చిన నెల ఒక విధముగాను, రాని నెల మఱియొక విధముగాను కాలము వెళ్లఁబుచ్చిరి. 1930 మే నెలలో రేవుపనికై తెలుఁగు కూలీలకును బర్మావారికిని కొట్లాటలు జరిగి అనేకులు చచ్చినప్పుడు, ఏ యింటికి ఏ వార్త వచ్చునో యని యీ తీరమున నెందఱు తల్లులు కాచుకొనియుండిరో!

ఆ స్త్రీలు పెట్టినదే ‘రంగము’ అను పేరు. తెలుఁగున నపుంసకపదములకు మువర్ణకము చేర్చుట మన యలవాటు. వనము, నగరము, దేశము అనునట్లే రంగూన్ ‘రంగము’ అయినది. అదియుఁ గాక, శ్రీరంగమును, రంగనాథుని యెఱిఁగిన నోటికి రంగమనుట సులభము. తెలియని దూరదేశపుఁ బేరును దెలిసిన పేరుగా మార్చుకొన్నచో, పోయినవారును కొంచెము దగ్గఱగా నున్నట్లు తోఁచును. రంగమనఁగా సంస్కృతమున నాట్యశాల యనియు, యుద్ధభూమి యనియు నర్థములున్నవి. పగ తీఱిన యూరికి యుద్ధభూమి యను పేరు తగిలినదే యని మేము మొదట నవ్వుకొంటిమి. తరువాత 1941వ సంవత్సరపు సంగతులు చదివి నవ్వు మానితిమి.

ఆ యేఁడు డిసెంబరు 23వ తేదీన జపానువారి విమానములు ఆ నగరముపై బాంబులు వేసినవి. 1942 మార్చినెలలో నగరము వారి వశమైనది. ఓడలు దొరకినవారు ఓడలపై వచ్చిరి. దొరకనివారు లక్షలకొలఁది కాలినడకను బయలుదేఱిరి. కొందఱు అరకాను కొండలు దాటి చిట్టగాంగు వైపునకును, కొందఱు మణిపురపు త్రోవను వచ్చిరి. ఆఁకలిచేతను, విషజ్వరముచేతను, కలరాచేతను త్రోవలో రాలిపోయినవారు వేలకొలఁది. వారి పేర్లు ఎవ్వరును వ్రాసి పెట్టలేదు. మామ్మ తండ్రియు ఆ త్రోవలలో నేదియో యొకదానిలో నుండవలెను. 1962 తరువాత సైనికప్రభుత్వము వర్తకములను స్వాధీనపఱచుకొన్నప్పుడు, మిగిలిన తెలుఁగువారిలోను ననేకులు తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెమువద్ద ‘బర్మాక్యాంపు’ అను పేట యున్నది. వెళ్లినవారు మన పేర్లను అచటికిఁ గొనిపోయినట్లే, వచ్చినవారు ఆ పేరును ఇచటికిఁ దెచ్చిరి.

బర్మాకు 1948 జనవరి 4వ తేదీన స్వాతంత్ర్యము వచ్చినది. 1989లో అచటి సైనికప్రభుత్వము ఇంగ్లీషులో వ్రాయు పేర్లను మార్చి, బర్మాను ‘మయన్మార్’ అనియు, రంగూనును ‘యాంగోన్’ అనియు వ్రాయవలెనని శాసించినది. ప్రజల సమ్మతి లేక చేసిన మార్పని దానిని ఒప్పుకొననివారు అనేకులు గలరు. బర్మా, మయన్మార్ అను రెండును ఒక్క మాటకే రెండు రూపములు. ఒకటి వాడుకలో వచ్చునది, ఒకటి గ్రంథములలో వ్రాయునది. వాడుకభాషకును గ్రంథభాషకును గల భేదమును జూచి, ఇవి రెండు దేశములని యెవ్వరందురు? నగరముపేరు విషయమున నైతే బర్మావారి నోట 1989లో మాఱినది యేమియు లేదు. వారు అంతకుమున్నును యాంగోన్ అనియే పలికిరి. పటములోని ఇంగ్లీషు అక్షరములే మాఱినవి. ఇంకొక సంగతి బడిపిల్లల తల్లులు గమనింపవలెను. 2005వ సంవత్సరాంతమున ప్రభుత్వకార్యాలయములు నేప్యిడో యను క్రొత్తపట్టణమునకుఁ దరలిపోయినవి. కావున యాంగోన్ ఇప్పుడు ఆ దేశపు రాజధాని గాదు. అయినను అన్నింటికంటెఁ బెద్దనగర మదియే.

ఇట్లు పేర్లు రెండుమూఁడగుట మన యూళ్లకును దప్పలేదు. కాకినాడను ఇంగ్లీషువారు ‘కొకనాడా’ యని వ్రాసిరి. రాజమహేంద్రవరము ‘రాజమండ్రి’ యై, 2015లో ప్రభుత్వపు వ్రాఁతలలో మరల రాజమహేంద్రవరమైనది. ఊరు కదలలేదు, గోదావరియుఁ గదలలేదు.

సోదరీమణులారా! విదేశనగరము పేరు పలుకవలసివచ్చినప్పుడు, ఆ యూరివారు ఎట్లు పలుకుదురో తెలిసికొని, మన నోటికి వచ్చినంతవఱకు అట్లు పలుకుట మర్యాద. ఇంటికి వచ్చిన చుట్టమును ఆయన పేరుతోఁ బిలుచుటవంటిదే యిది. కాని మన పెద్దలు తరతరములుగాఁ బలుకుచు వచ్చిన పేరు తప్పని పిల్లలచే నవ్వించుట మర్యాద గాదు. రంగమను పేరు ఏ పటమునందును ఉండదు. అది ఈ తీరపు స్త్రీల నోటనే యున్నది; వారితోనే పోవును. మీ యింటిలో అట్టి వృద్ధులున్నచో, వారు ఏ యూరిని ఏమని పిలుతురో, ఎవరు ఎప్పుడు అచటికిఁ బోయిరో అడిగి, ఒక కాగితముపై వ్రాసి పెట్టుఁడు. అది చరిత్రకారులు చేయవలసిన పనియని వదలివేయకుఁడు. వారు మీ యింటి వంటగదిలోనికి రారు.

మరునాఁడు మేము ఆ పిల్లవానిని బిలిచి, పటముపై యాంగోన్ చోటు చూపించి, ఈ కథ యంతయుఁ జెప్పితిమి. వాఁడు తెలివిగల పిల్లవాఁడు. పెన్సిలు తెచ్చి, అచ్చుపేరు క్రింద చిన్నయక్షరములతో ‘రంగం’ అని వ్రాసికొనెను. మామ్మ చేయి పట్టుకొని వ్రేలిని ఆ చోటనుంచి, ‘ఇదే మామ్మా నీ ఊరు’ అనెను. ఆమె ఆ వ్రేలిని కొంతసేపు తీయలేదు. పిదప, ‘ఇక్కణ్ణుంచి మన ఊరికి నడిచి రావాలంటే ఎటు రావాలిరా?’ అని యడిగినది. వాఁడు ఆ చోటినుండి అరకాను కొండలమీఁదుగా, చిట్టగాంగు, కలకత్తాల మీఁదుగా, మన తీరము వెంట మెల్లగా ఆమె వ్రేలిని నడిపించుకొని వచ్చెను.